రియోఫ్రే తాళంచెవి

రియోఫ్రేలో చర్చి తలుపుకి ఒక చెక్కముక్క వేలాడుతూ ఉంటుంది. "తాళంచెవి ఒనొరీనా దగ్గర ఉంది. పచ్చ తలుపు. గట్టిగా కొట్టండి" అని దాని మీద రాసి ఉంటుంది. ఊళ్ళో పచ్చ తలుపులు మూడున్నాయి. అయినా చర్చి చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ ఇంతవరకు ఇల్లు పొరబడలేదు. మిగతా రెండు తలుపుల వెనక మనుషులుండి చాలా ఏళ్ళయింది.

ఒనొరీనాకు డెబ్బై మూడేళ్ళు. ఆ తాళంచెవి ముప్పై రెండేళ్ళుగా ఆమె దగ్గరే ఉంది. జానెడు పొడుగున్న ఇనుప చెవి అది. దాన్ని వేసుకుని తిరిగీ తిరిగీ ఆమె ఎప్రన్లన్నిటికీ కుడి జేబు అతుకులమయమైపోయింది. ఎడమ జేబు మాత్రం కొన్ననాటిలాగే ఉంటుంది. వసంతంలో మరీన్ గాలి వీచే నాలుగైదు రోజులు తప్పిస్తే, తలుపు కొట్టినవాళ్ళను ఆమె ఎప్పుడూ వెనక్కి పంపలేదు. అలాగని నవ్వుతూ ఎదురెళ్ళిందీ లేదు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి ఉన్నప్పుడు వస్తే మరీ మండిపడుతుంది. సంకటిని ముప్పావుగంట చెయ్యి ఆపకుండా కలపాలి. అలాంటప్పుడు వచ్చినవాళ్ళలో ఒక మగమనిషిని ఎంచి, చేతికి తెడ్డిస్తుంది.

"మీరిది తిప్పుతూ ఉండండి. అడుగంటిందో, మీ ఆవిణ్ణి లోపలుంచి తాళం వేసేస్తా," అంటుంది.

మిలాను నుంచి వచ్చిన డాక్టర్లు, ప్రొఫెసర్లు కూడా ఆ వంటింట్లో బుద్ధిగా తెడ్డు తిప్పారు. ఒకాయన చర్చి చూడకుండానే వెళ్ళిపోవాల్సి వచ్చింది గానీ, ఆ రోజు సంకటి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

చర్చి లోపల మూడు గోడల నిండా బొమ్మలే. అయిదువందల ఏళ్ళ కిందట ఎవరో దేశదిమ్మరి చిత్రకారుడు రెండు వేసవులు ఇక్కడుండి వేసి వెళ్ళాడు. వచ్చినవాళ్ళు ముందు ఎడమగోడ దగ్గరికే పోతారు, నరకం అటువైపుంది కాబట్టి. అక్కడ మెడకు తిరగలిరాయి కట్టిన మిల్లువాడు ఉన్నాడు, నాలుక బారెడు సాగిన చాడీలమనిషి ఉంది. "ఈ మిల్లువాడి వంశం కింద ఊళ్ళో ఇంకా ఉంది, ముక్కు చూస్తే మీకే తెలుస్తుంది," అని చెబుతుంది ఒనొరీనా. కుడిగోడ మీద మరియమ్మ తల్లి పునీత అన్నమ్మ పురుడు. అన్నమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఒకామె గిన్నెలో కోడి చారు పట్టుకొచ్చింది. ఇంకొకామె పసిగుడ్డు మరియమ్మకు నీళ్ళు పోయడానికి మోచేత్తో వేడి చూస్తోంది. అంతా బాగానే ఉంది గానీ, అన్నమ్మకు ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట అరచేయంత మేర తెల్లటి సున్నం కనిపిస్తుంది.

ఇదేమయిందని అడగనివాళ్ళు లేరు.

"ఫ్రెంచి సైనికులు," అంటుంది ఒనొరీనా. "పదిహేడువందల తొంభై తొమ్మిదిలో కొండ దిగొచ్చారు. చర్చిలో గుర్రాలు కట్టేశారు. తాగి, బాకుతో చెక్కేశారు. తాగినవాడికి తల్లేంటి, చెల్లేంటి?"

వినేవాళ్ళు నిట్టూరుస్తారు. ఊరివాళ్ళెవరైనా పక్కనుంటే నేలచూపులు చూస్తారు. ఆ కథ శుద్ధ అబద్ధం. అబద్ధమని తనొక్కదానికే తెలుసని ఒనొరీనా ముప్పై రెండేళ్ళుగా అనుకుంటోంది.

ఆగస్టు నెలాఖరులో ఇలేనియా వచ్చింది. లోయలోని పన్నెండు పాత ఊళ్ళను కలుపుతూ చూడవచ్చేవాళ్ళ కోసం ఒక దారి వేస్తున్నారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఇనుప బోర్డు పెడతారు, నాలుగు భాషల్లో. ఆ బోర్డుల మీద రాసే పని ఈ పిల్లది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, దిగువన ద్రొనేరోలో పుట్టింది, మర్యాద తెలిసిన పిల్ల. వంటింట్లోకి వస్తూనే బూట్లు గడప దగ్గర విప్పింది. ఒనొరీనాకు అది నచ్చి, కాఫీ పెట్టింది.

"పెద్దమ్మా, మీ సైనికుల కథ బోర్డుకెక్కిద్దామనుకున్నా. పన్నెండు ఊళ్ళలోకీ మీ కథే బాగుంది," అంది ఇలేనియా. "కాకపోతే ఒక చిక్కొచ్చింది."

సంచిలోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. పందొమ్మిదివందల డెబ్బై నాలుగులో ఎవరో యాత్రికుడు తీసిన ఫొటో. ఆయన పోయాక కొడుకు పాత పెట్టెలు సర్దుతూ ఇలేనియా వాళ్ళ ఆఫీసుకి పంపించాడట. ఫొటోలో అన్నమ్మకు ముఖం ఉంది. కళ్ళు సగం మూసుకుని, బాగా అలసిపోయి, పెదవి చివర ఇంత నవ్వుతో ఉన్న ముఖం.

ఒనొరీనా కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇది మా చర్చి కాదు."

"పక్కన చారుగిన్నె పట్టుకున్నావిడ మీ గోడ మీదావిడేగా?"

"ఆ కాలం వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ అదే చారు వేసేవాళ్ళు. తెలీకపోతే అడగాలి."

ఇలేనియా వాదించలేదు. ఫొటో తీసి సంచిలో పెట్టుకుంది. "బోర్డులు వచ్చే సోమవారం తయారీకి వెళ్తాయి పెద్దమ్మా. ఇనుము మీద పడ్డాక వందేళ్ళుంటుంది. ఆదివారం పండక్కి ఎలాగూ వస్తాను. అప్పుడు చెప్పండి. మీరేం చెబితే అదే రాస్తా, ఒనొరీనా గారు చెప్పారని మీ పేరు పెట్టి మరీ రాస్తా."

బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. కాఫీ తాగిన గిన్నె కడిగిపెట్టి మరీ వెళ్ళింది. అంత మంచిపిల్ల కాకపోయి ఉంటే ఒనొరీనాకు కోప్పడే వీలైనా చిక్కేది.

నోటి మాటగా అబద్ధమాడటం వేరు, అది గాలికి పోతుంది. పేరు పెట్టి ఇనుము మీద అబద్ధమాడటం వేరు. నిజం చెబుదామా అంటే, నిజం చెప్పిన మనిషి దగ్గర ఆ తాళంచెవి ఎవరుంచుతారు? తాళంచెవి పోయాక రియోఫ్రేలో ఒనొరీనా ఎవరు?

ఈ ఊరిది కాదు ఆమె. ఎదుటి కొండ మీద, ఎండగట్టున పుట్టింది. నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా రియోఫ్రే మీద ఎండ పొడ పడదు, అవతల గట్టు మీద పడే ఎండను చూసుకుంటూ బతకాలి. అందుకే ఈ నీడగట్టువాళ్ళకు ఎండగట్టువాళ్ళంటే కట్టెలు కొట్టడం చేతకాని సోమరులు. వాళ్ళకు వీళ్ళు చీకటిగదిలో మొలకెత్తిన బంగాళాదుంపలు. అటు చర్చికి ఇటువాళ్ళు పోరు, ఇటు చర్చికి అటువాళ్ళు రారు. పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఇరవై రెండేళ్ళ ఒనొరీనా స్పిరితోను పెళ్ళి చేసుకుని ఇవతలికొచ్చింది. సాగనంపుతూ తల్లి కత్లీనా, "రోజూ పొద్దున్నే మీ ఇంటి పొగ చూసుకుంటాలే," అంది. రెండు గట్ల మధ్య కాలినడకన మూడు గంటలు.

స్పిరితో ఈ లోయ మగవాళ్ళు చాలామందిలాగే ఉప్పుచేపల వ్యాపారి. సెప్టెంబరు దాటగానే ఉప్పులో ఊరేసిన నెత్తళ్ళ పీపాలు బండికెక్కించుకుని మైదానం ఊళ్ళకు పోతే, మళ్ళీ మంచు కరిగాకే రావడం. ఆరునెలలు ఇంట్లో అత్తా కోడలూ, కింద కొట్టంలో రెండు ఆవులూ. ఆవులే నయం, పిలిస్తే పలికేవి.

అత్త మద్లేనా నోరు విప్పితే ఆజ్ఞ, మూస్తే శాపం. పంతొమ్మిదేళ్ళు కోడల్ని పేరు పెట్టి పిలవలేదు. "ఎండగట్టు పిల్లా, పాలు పొంగుతున్నాయి," "ఎండగట్టు పిల్లా, నీ కాళ్ళకి మంచు తుడుచుకో," ఇదే వరస. చర్చి తాళంచెవి అప్పట్లో ఆవిడది. కోడలు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. చర్చి ఊడవటం మాత్రం కోడలి పనే. మద్లేనా తాళం తీసి, ఊడ్చినంతసేపూ గడపలో కాపలా ఉండి, మళ్ళీ తానే తాళం వేసేది.

మరీన్ సంగతి మద్లేనాకు వాళ్ళ అత్త చెప్పింది. మరీన్ అంటే సముద్రం వైపు నుంచి వచ్చే వెచ్చటి తడిగాలి. మార్చిలోనో ఏప్రిల్లోనో, ఇంకా పూర్తిగా మంచు కరగకముందే వీస్తుంది. అప్పటికి చర్చి గోడలు చలికాలమంతా గడ్డకట్టి ఉంటాయి. ఆ పూట తలుపు తీస్తే, వెచ్చగాలి లోపలికి పోయి గోడలకు చెమటలు పడతాయి. చెమట ఆరాక రంగు పెచ్చులు లేస్తుంది. ఒకసారి మరీన్ వీస్తుండగా బిషప్పే వచ్చాడు. మద్లేనా తలుపు తీయలేదు. ఆయన గడప బయటే నిలబడి ప్రార్థన చేసుకుని, ఇంత చారు తాగి కొండ దిగాడు. ఆ ముచ్చట లోయంతా చాలా కాలం చెప్పుకున్నారు. ఎండగట్టున కూడా చెప్పుకున్నారంటే చూడండి.

ఎనభై ఆరు శరదృతువులో కొట్టం మెట్ల మీద జారిపడి మద్లేనాకు తుంటి విరిగింది. చలికాలమంతా కిటికీ దగ్గర కుర్చీలోనే. మార్చిలో తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది నీదనుకోకు. నేను లేచిందాకా నీ దగ్గరుంటుంది. మరీన్ వీస్తే..."

"తెలుసత్తా."

"నీకు తెలియదు. విన్నావంతే."

ఏప్రిల్లో ఒక మంగళవారం ఒనొరీనా తల్లి వచ్చింది, చెప్పా పెట్టకుండా. అంతవరకు మద్లేనా ఒక్కసారి కూడా రమ్మని పిలవలేదు, ఆవిడ రానూ లేదు. ఆ రోజు రెండు బస్సులు మారి, మోకాళ్ళు పట్టుకుంటూ కొండెక్కి, గుడ్డలో కట్టిన డజను గుడ్లతో వాకిట్లో నిలబడింది. కిటికీ దగ్గర మద్లేనా తల వాల్చి కునుకు తీస్తోంది. కత్లీనా లోపలికి రాలేదు.

"కంటినరం ఎండిపోతోందటే," అంది గొంతు తగ్గించి. "వేసవి దాటితే మసకేనన్నాడు డాక్టరు. ఏడుగుర్ని కన్నాను, ఏడుసార్లూ అన్నమ్మ తల్లినే పిలుచుకున్నాను. ఆవిడ ముఖం ఎలాగుంటుందో చూడనేలేదు. మీ ఊళ్ళో ఉందిగా."

బయట మరీన్ వీస్తోంది. కప్పుల మీంచి మంచు నీళ్ళయి ధారలుగా కారుతోంది. ఒనొరీనాకు తెలుసు. ఎల్లుండి రామ్మా అందామని నోటిదాకా వచ్చింది. ఆ మోకాళ్ళను చూసింది. జేబులోంచి తాళంచెవి తీసింది.

పది నిమిషాలనుకున్నది అరగంటయింది. కత్లీనా ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా నిలబడి చూసింది.

"పాపం, ఎంత అలిసిపోయిందో చూడవే," అంది. "ఈ బొమ్మ వేసినవాడెవడో పురిటిమనిషిని దగ్గర్నుంచి చూసినవాడే."

ఒనొరీనా గోడ మీద వేలు పెట్టింది. తడి తగిలింది.

పదోరోజున ఊడవడానికి వెళ్తే అన్నమ్మ ముఖం నేల మీద పొడిగా, పెచ్చులుగా పడి ఉంది. ఆ పెచ్చులను ఎప్రన్లో ఎత్తి, చర్చి వెనక తవ్వి పాతిపెట్టింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అనే లెక్క నడిచే ఇల్లది. ఇప్పుడు కోడలు పగలగొట్టింది కుండ కాదు, అయిదువందల ఏళ్ళ ముఖం. ఎవరికీ చెప్పలేదు. స్పిరితో కొండెక్కి వచ్చాక అతనికీ చెప్పలేదు. ఎవరో ఒకరు అడుగుతారని వేసవంతా ఎదురుచూసింది. ఒక్కరూ అడగలేదు. నీడగట్టువాళ్ళు అడగరు, గుర్తుపెట్టుకుంటారు అనుకుంది.

జులైలో మొదటి యాత్రికులు వచ్చారు. మద్లేనాను కుర్చీతో సహా తెచ్చి చర్చి గోడ నీడలో కూర్చోబెట్టారు ఆ రోజు. యాత్రికుల్లో ఒకావిడ అన్నమ్మ ముఖం ఏమైందని అడిగింది.

"ఫ్రెంచి సైనికులు," అంది. ఎందుకన్నదో ఒనొరీనాకే తెలియదు.

"గుర్రాలు కూడా ఇందులోనే కట్టేశారు," అంది బయటి నుంచి మద్లేనా. "తాగి ఉన్నారు వెధవలు. బాకుతో చెక్కేశారు."

ముసలావిడకు మతి చలించిందనుకుంది ఒనొరీనా. ఆ సెప్టెంబరు పండగలో ఊరివాళ్ళు తాళంచెవి ఒనొరీనాకే ఇచ్చారు, పేరు పెట్టి పిలిచి మరీ. క్రిస్మస్‌కు ముందు మద్లేనా పోయింది. పోయేముందు కోడలితో అన్న చివరి మాట, కొట్టం తలుపు సరిగ్గా వేశావా అని.

ఆదివారం దాకా ఆరు రోజులున్నాయి. ఒనొరీనాకు ఆ వారం సంకటి రెండుసార్లు అడుగంటింది. ఒక పూట, ఇదేం చోద్యం, ముఖం పోయిన సంగతి అందరూ మర్చిపోయారు, ఇప్పుడు తవ్వడమెందుకు అనుకుంది. ఇంకో పూట, ఆ ఫ్రెంచి కుర్రాళ్ళకూ తల్లులుండేవాళ్ళు కదా అనుకుంది. చెయ్యని పాపం వందేళ్ళు మోయమంటే ఏం న్యాయం? నిజం చెబితే ఏమవుతుందో కూడా ఆమెకు స్పష్టంగానే కనిపించింది. ఎవరూ తిట్టరు. తాళంచెవి ఇంకెవరికో ఇస్తారు. స్పిరితో పోయి తొమ్మిదేళ్ళయింది, ఆవులు పోయి పదిహేనేళ్ళయింది. ఊళ్ళో ఆమెకున్నది ఆ తాళమొక్కటే. అదీ పోతే మళ్ళీ ఎండగట్టు పిల్లే, డెబ్బై మూడేళ్ళ పిల్ల.

చర్చి పునీతుడు కియాఫ్రేదో పండగ రోజు రియోఫ్రేలో జనం కనబడతారు. మైదానంలో స్థిరపడ్డవాళ్ళు కూడా పైకొస్తారు. పూజ అయ్యాక ఒక పద్ధతి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి దాన్ని తెచ్చి పీఠం మీద పెట్టి వెనక్కి నిలబడాలి. చర్చి పెద్ద మూడుసార్లు అడుగుతాడు, తాళం ఎవరు తీసుకుంటారని. ఎవరూ ముందుకు రాకపోతే పాత మనిషే మళ్ళీ తీసుకోవాలి. ముప్పై రెండేళ్ళలో ఎవరూ ముందుకు రాలేదు. ఇనుపముక్క కోసం సంకటి మాడ్చుకునే ఓపిక ఎవరికుంది?

చర్చి పెద్ద ఫ్రేదోకు ఎనభై ఆరేళ్ళు. స్పిరితోకు పెదనాన్న కొడుకు. ఆయన కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. నలభై మంది దాకా ఉన్నారు. తలుపు పక్కన ఇలేనియా ఉంది. ఒనొరీనా పండగ గౌను మీద కూడా ఎప్రన్ కట్టుకునే వచ్చింది. తాళంచెవి పీఠం మీద పెట్టింది.

"తాళం ఎవరు తీసుకుంటారు?" అన్నాడు ఫ్రేదో.

ఎవరో దగ్గారు.

"తాళం ఎవరు తీసుకుంటారు?"

"ఆగండి బావగారూ," అంది ఒనొరీనా. "ఎవరైనా తీసుకునేముందు నేనొక మాట చెప్పాలి."

వెనక బెంచీలో గుసగుసలాడుతున్నవాళ్ళు ఆపేశారు.

"సైనికులు లేరు, గుర్రాలు లేవు. ఎనభై ఏడు ఏప్రిల్లో మరీన్ వీస్తుండగా మా అమ్మ వచ్చింది. కళ్ళు పోతున్నాయి, ఒక్కసారి చూస్తానంది. తలుపు నేను తీశాను. అరగంట తీసి ఉంచాను. గోడకి చెమట పట్టింది, అన్నమ్మ తల్లి ముఖం రాలిపోయింది. ఎత్తి మట్టిలో పాతేశాను. ఇన్నేళ్ళూ మీ అందరి ముందూ అబద్ధమాడాను. ఇదిగో తాళం, అక్కడుంది. ఎవరికివ్వాలో వాళ్ళకివ్వండి."

కుడిగోడ వైపు ఎవరూ చూడలేదు. అందరూ ఫ్రేదో వైపు చూశారు. ఆయన కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"తలుపు తీసింది నువ్వా?" అన్నాడు.

"చెప్పానుగా."

"మద్లేనా కాదూ?"

"మా అత్తా? ఆవిడెందుకు తీస్తుంది?"

ఫ్రేదో ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పూజ పద్ధతిలో చర్చి పెద్ద కూర్చోకూడదు, అయినా కూర్చున్నాడు.

"ఆ మే నెలలో ఈ గోడ చూసి మీ ఇంటికొచ్చాను. నువ్వు దుంపలు నాటడానికి పోయున్నావు. మద్లేనా కిటికీ దగ్గరుంది. నేనింకా అడగనేలేదు, తనే అంది. 'తలుపు నేనే తీశాను ఫ్రేదో. కోడలు లేని పూట కర్ర పట్టుకుని వెళ్ళాను. మరీనో కాదో పోల్చుకోలేకపోయాను. ముసలిదాన్నయిపోయాను. తాళం ఇక కోడలికిచ్చెయ్యండి, దానికి గాలి తెలుసు' అంది. ఊళ్ళో అందరికీ ఈ మాట చెప్పమంది. కోడలితో మాత్రం ఎవరూ అనకూడదని నా చేత ఒట్టేయించుకుంది. 'తెలిస్తే ఈ ఇంట్లో నన్ను లెక్కచెయ్యదు' అంది. అది నిజమే అనుకున్నాను."

ఒనొరీనా చెయ్యి అలవాటుగా ఖాళీ జేబులోకి పోయింది.

"నువ్వు సైనికుల కథ చెప్పినప్పుడల్లా మాకెవరికీ తలెత్తబుద్ధేసేది కాదు," అన్నాడు ఫ్రేదో. "ఏదోలా నీకు తెలిసిపోయింది, అత్త పరువు కోసం అబద్ధమాడుతున్నావు అనుకునేవాళ్ళం. మా ఆవిడ ఎప్పుడూ అనేది, ఎండగట్టుదైతేనేం, బంగారంలాంటి పిల్ల అని."

కిటికీ దగ్గర తల వాల్చుకుని కూర్చున్న మనిషి ఒనొరీనాకు కళ్ళకు కట్టింది. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా చర్చి తలుపే. అత్త కునుకు తీయలేదు. గుడ్లమూటతో కొండెక్కి వచ్చిన ముసలామెను చూసింది, కోడలు జేబులోంచి తాళంచెవి తీయడం చూసింది, కళ్ళు మూసుకుంది. గుర్రాల మాట, తాగుడు మాట ఊరికే అనలేదు ఆవిడ.

ఒనొరీనాకు ముందు కోపమొచ్చింది.

"తుంటి విరిగిన మనిషి," అంది. "కుర్చీలోంచి మంచం దాకా నేను ఎత్తుకెళ్ళేదాన్ని. కర్ర పట్టుకుని చర్చికెళ్ళానంటే నమ్మారా మీరు?"

"మద్లేనా చెబితే నమ్మక చస్తామా?" అన్నాడు ఫ్రేదో.

"బిషప్పుకే తీయనిది. మా అత్త. మరీన్‌ని పోల్చుకోలేకపోయానంటే నమ్మేశారా? ఇన్నేళ్ళూ ఆవిడ తీసిందనే అనుకుంటూ ఈ గోడ ముందునుంచి నడిచారా మీరంతా?"

ఊళ్ళో అందరికన్నా నిక్కచ్చి మనిషి తన పేరు తానే చెడగొట్టుకుంటే, అందరూ సరేననుకున్నారు.

"ఇలేనియా," అంది ఒనొరీనా, వెనక్కి తిరక్కుండానే. "రాసుకో. ఎనభై ఏడు ఏప్రిల్లో మరీన్ వీస్తుండగా ఈ తలుపు తీసింది కోడలు. అత్త తీయలేదు. అత్త ఎన్నడూ తీయలేదు. ఆవిడ పేరు మద్లేనా బెల్యార్దో. పేరు పెద్దక్షరాలతో వెయ్యి."

"మీ పేరు పెద్దమ్మా?"

"కింద ఎక్కడో చోటుంటే వెయ్యి. లేకపోతే కోడలంటే చాలు, ఆవిడకి ఒక్కతే కోడలు."

ఫ్రేదో మెల్లగా లేచి నిలబడ్డాడు. మూడోసారి అడగాలి కదా.

"తాళం ఎవరు తీసుకుంటారు?"

ఎవరూ కదల్లేదు. ఒనొరీనా కూడా కదల్లేదు. ఫ్రేదో తానే రెండడుగులేసి, పీఠం మీది తాళంచెవి ఎత్తి, ఆమె ఎప్రన్ జేబులో వేశాడు. "కోడలికి గాలి తెలుసని చెప్పింది మద్లేనా," అన్నాడు జనంతో. "ఆ ఒక్కటీ అబద్ధం కాదు."

జేబు బరువెక్కగానే ఒనొరీనా బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. అత్త చచ్చిన ఆరునెలలకు కోడలి కంట నీరొచ్చిందని లోకం నవ్వుతుంది. ఒనొరీనాకు అది రావడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పైనే పట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెద్దగా, చిన్నపిల్లలాగా ఏడ్చింది. బయట బల్లల మీద వెన్న పోసిన దుంపముద్దలు చల్లారిపోతున్నాయి. నీడగట్టువాళ్ళకు భోజనం చల్లారితే గిట్టదు. ఆ రోజు మాత్రం ఆమె ఏడుపు అయ్యేదాకా ఒక్కరూ బయటికి వెళ్ళలేదు.